రంగుటద్దములు - కంటి ఆరోగ్యము

(ఖమ్మము, భద్రాచలము అటవీ ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఇంద్రియము లన్నింటిలో కన్ను ప్రధానమైనదని మన పెద్దలు ఏనాడో చెప్పినారు. కాని కంటిమీద పెట్టుకొను అద్దమును గూర్చి మన మంతగా విచారించుట లేదు. పంచాయతీ సమావేశములలో రోడ్లు, మంచినీరు, మురుగు కాలువలు, వీధి దీపములు చర్చకు వచ్చును. సంతలో అమ్మెడు నల్లకళ్ళద్దములను గూర్చి చర్చించుటకు ఏమున్నదని కొందరికి తోచవచ్చును. అయినను నేడు మేము ఆ సంగతినే ఎత్తుకొనుచున్నాము. ఏలయన, ఈ ప్రాంతపు ప్రజలకు ఎండలోనే బ్రతుకు గడచును. వేసవి తొలినాళ్ళలో ఇప్పపూవు ఏరువారు, ఏప్రిలు, మే మాసములలో తునికాకు కోసి కల్లములకు చేర్చువారు, మిరప కల్లములలో పనిచేయువారు, గోదావరిలో వలవేయువారు, రోడ్డు పనులు చేయువారు - వీరందరును కన్ను తెరచినది మొదలు ఎండలోనే యుందురు. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచలము వైపు వేసవిలో వేడిమి 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఇట్టి చోట రంగుటద్దములు కొనువారు పెరుగుట సహజము. కొనువారు పెరిగినపుడు, ఏ అద్దము మేలు చేయును, ఏది కీడు చేయును, ఏది డబ్బు దండుగ యను వివేకము కూడ పెరుగవలెను. ఆ వివేకమును గ్రామములో పెంచవలసిన వారు మీరే.

చలువ యనునది పేరునకు మాత్రమే

మన జనులు వీనిని చలువ కళ్ళద్దములందురు. ఆ పేరును బట్టి, ఇవి పెట్టుకొన్నచో కంటిలోని వేడి తగ్గునని నమ్మువారు కలరు. నిజమునకు అద్దములో చలువ ఏమియు లేదు. అది చేయు పని యొక్కటే. కంటిలోనికి పోవు వెలుతురులో కొంత భాగమును తాను గ్రహించి, మిగిలిన భాగమును లోనికి పంపును. మిరుమిట్లు తగ్గినందువలన కన్ను చిట్లించుట మానుదుము. కంటిచుట్టునున్న కండరములు సడలును. ఆ సుఖమునే మనము చలువ అనుకొనుచున్నాము.

సూర్యుని వెలుతురు తెల్లగా కనబడినను, అందులో హరివిల్లులోని రంగు లన్నియు కలిసియున్నవని మీ పిల్లలు బడిలో చదువుకొనుచున్నారు. ఏ రంగు అద్దమైనను వానిలో కొన్నిటిని ఆపి, కొన్నిటిని విడుచును. ఎఱ్ఱని అద్దము ఎఱుపును విడిచి తక్కిన వానిని ఆపును. పసుపుపచ్చని అద్దము నీలమును ఆపును. పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనబడునను సామెత కలదు. కామెర్ల రోగి మాట యెట్లున్నను, పసుపు అద్దము పెట్టుకొన్నవాని విషయములో ఆ సామెత అక్షరాల నిజము.

ఇక్కడ మీరు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. సూర్యుని నుండి వచ్చు కిరణములలో కంటికి కనబడనివి కూడ కలవు. వెలుతురు తరంగముల పొడవును నానోమీటర్లలో కొలుతురు. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. సుమారు 380 మొదలు 780 నానోమీటర్ల వరకు గల తరంగములే మన కంటికి వెలుతురుగా తోచును. ఊదారంగునకు ఆవల, 400 నానోమీటర్లకు దిగువ నున్న వానిని అతినీలలోహిత కిరణములందురు. కంటికి కీడు చేయుటలో ఇవి ముఖ్యములు. ఇవి ఒక్కసారిగా ఎక్కువ తగిలినచో నల్లగుడ్డు పైపొర కమిలి, ఇసుక పోసినట్లు మంట, నీరు కారుట కలుగును. ఏండ్ల తరబడి తగిలినచో తెల్లగుడ్డు నుండి నల్లగుడ్డు మీదికి త్రికోణాకారముగా కండ ప్రాకవచ్చును. శుక్లము ముఖ్యముగా వయస్సుతో వచ్చునదే యైనను, పొగత్రాగుట, మధుమేహము వలెనే ఈ కిరణములు కూడ దానిని త్వరపెట్టు కారణములలో నొకటి.

ఈ కిరణములను ఆపు శక్తికిని, అద్దపు రంగునకును సంబంధము లేదు. పాలికార్బొనేటు అను గట్టి ప్లాస్టికుతో చేసిన అద్దము నీళ్ళవలె తేటగా నున్నను, ఈ కిరణములను దాదాపు పూర్తిగా ఆపును. సంతలోని కారునలుపు ప్లాస్టికు అద్దము వానిని ఆపకపోవచ్చును. ఇట్టి అద్దము అసలు లేనిదానికంటె చెడ్డది కాగలదు. ఏలయన, ఎండలో మన కంటిపాప తనంతట తాను ముడుచుకొనును, కనురెప్పలు చిట్లును. ఇది ప్రకృతి యిచ్చిన రక్షణ. నల్లని అద్దము పెట్టగనే చీకటియైనదని కంటిపాప విప్పారును. అద్దము హానికర కిరణములను ఆపనిచో, అవి తెరచిన వాకిటిలో నుండి లోనికి పోవును. నలుపును జూచి రక్షణ యని భ్రమించుట ఇందువలననే ప్రమాదము.

ఈ సత్యము క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశపు శాస్త్రవేత్త సర్ విలియం క్రూక్స్, గాజు కొలుముల యెదుట పనిచేయు వారికి శుక్లము వచ్చుటను ఆపుటకై వందలకొలది గాజు మిశ్రమములను పరీక్షించి, 1913లో తన ఫలితములను ప్రకటించినాడు. ఆయన వెదకినది నల్లని గాజును కాదు; వేడి కిరణములను, అతినీలలోహిత కిరణములను ఆపుచు, చూపునకు అడ్డురాని గాజును. ఇక ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ జనులు మంచు మీద మెరయు ఎండకు తాళలేక, ఎముకను, కొయ్యను సన్నగా చీల్చి, ఆ చీలికలో నుండి చూచు కంటి తొడుగులను తరతరములుగా వాడినారు. వానికి రంగే లేదు. కంటికి కావలసినది హద్దుగల వెలుతురే గాని రంగు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఏ రంగు ఏమి చేయును

బూడిదరంగు: ఇది అన్ని రంగులను ఇంచుమించు సమముగా తగ్గించును. ఆకు పచ్చగానే, మిరపపండు ఎఱ్ఱగానే కనబడును. పొలములో పనిచేయువానికిని, పగటివేళ వాహనము నడపువానికిని ఇది యోగ్యమైనది. ఏ రంగు కొనవలెనో తోచనివాడు దీనిని కొన్నచో పొరపాటుండదు.

గోధుమరంగు: ఇది నీలమును ఎక్కువగా ఆపును. గాలిలోని ధూళి, మంచు వలన చెదరు వెలుతురులో నీలమే యెక్కువ గనుక, దూరపు వస్తువుల అంచులు కొంత స్పష్టముగా తోచును. రంగులు మాత్రము కొంచెము మారును. పగటివేళ ప్రయాణములకు ఇదియు పనికివచ్చును.

ఆకుపచ్చ: మానవుని కన్ను పగటివేళ 555 నానోమీటర్ల దగ్గర నున్న పసుపుపచ్చ, ఆకుపచ్చ వెలుతురునే అన్నిటికంటె బాగుగా గ్రహించును. ఈ అద్దము ఆ భాగమును విడుచును గనుక కంటికి హాయిగా తోచును. అయితే ముదురు ఆకుపచ్చ అద్దము ఎఱుపును మందగింపజేయును. రోడ్డుమీద, రైలు గేటు దగ్గర ఎఱ్ఱదీపమును వెంటనే గుర్తింపవలసిన వారు ఈ సంగతి మరువరాదు.

పసుపు: మబ్బు పట్టిన పగలు, పొగమంచు వేళ దీని వలన దృశ్యము తేటపడినట్లు తోచును. తీవ్రమైన ఎండను ఇది తగ్గింపలేదు. రాత్రివేళ దీని సంగతి ముందు చెప్పుదుము.

ఎఱుపు, నీలము, ఊదా: ఇవి ముచ్చటకే గాని కంటి మేలునకు కావు. ఎఱ్ఱని అద్దములో ఆకుపచ్చ నల్లబడును. నీలపు అద్దములో దూరపు వస్తువుల అంచులు మసకబారును. పండిన మిరపకాయను, తాలుకాయను వేరుచేయు కూలీ ఇట్టి అద్దముతో పనిచేయజాలదు. మార్కెట్టు యార్డులో సరకు నాణ్యమును రంగును బట్టి ఎంచు రైతు, వర్తకుడు కూడ అద్దము తీసి చూచుట మంచిది.

లేత గులాబి: పార్శ్వపు నొప్పి గలవారిలో కొందరికి వెలుతురు పడదు. అట్టివారికి ఒక విధమైన లేత గులాబి అద్దము కొంత ఉపశమనము నిచ్చునని పరిశోధనలలో తేలినది. అది వైద్యుడు చెప్పిన మీదట వాడవలసినది. తలనొప్పి వచ్చిన వారందరు కొనవలసినది కాదు.

రంగులను సరిగా గుర్తింపలేని లోపము పుట్టుకతో కొందరికి, ముఖ్యముగా మగవారికి, ఉండును. రంగుటద్దముతో ఆ లోపము నయమగునని చెప్పు ప్రకటనలను నమ్మరాదు. అద్దము రంగుల మధ్య తేడాను ఎక్కువచేసి చూపవచ్చును. కంటిలోని లోపమును తొలగింపజాలదు.

ఇవి గాక మరి రెండు విధముల అద్దములు కలవు. పోలరాయిడ్ అద్దములు నీటిమీద నుండి, తడి రోడ్డు మీద నుండి పరావర్తనము చెందు మెరుపును ఆపును. గోదావరి మీద పడవ నడపువారికి, చేపలు పట్టువారికి ఇవి మిక్కిలి ఉపయుక్తములు. వీనితో చూచినపుడు చేతిఫోను తెర కొన్ని వైపుల నల్లగా కనబడును. అది లోపము కాదు. రెండవవి, ఎండకు నల్లబడి నీడకు తేటపడు అద్దములు. ఇవి అతినీలలోహిత కిరణములు సోకినపుడే నల్లబడును గనుక, కారు ముందద్దము వెనుక అంతగా పనిచేయవు. వేడి ఎక్కువైన కొలదియు వీని నలుపు తగ్గును. మన మే నెల ఎండలో ఇవి చలికాలములో నల్లబడినంతగా నల్లబడవు. ఈ సంగతి తెలిసి కొనవలెను.

ఎంత నలుపు ఎవరికి

అద్దపు నలుపును అంతర్జాతీయ ప్రమాణములలో 0 మొదలు 4 వరకు ఐదు తరగతులుగా విభజించినారు. 0 తరగతి అద్దము నూటికి 80 పాళ్ళకు మించి వెలుతురును విడుచును. 1వ తరగతి 43 నుండి 80 పాళ్ళు, 2వ తరగతి 18 నుండి 43 పాళ్ళు, 3వ తరగతి 8 నుండి 18 పాళ్ళు విడుచును. 4వ తరగతి 3 నుండి 8 పాళ్ళు మాత్రమే విడుచును. ఇది మంచు పర్వతముల నెక్కువారికి ఉద్దేశింపబడినది. దీనితో వాహనము నడపరాదు. మన ఎండకు 2 లేక 3వ తరగతి చాలును.

అడవి రోడ్డు మీద

ఈ ప్రాంతపు రోడ్లకు ఒక ప్రత్యేకత కలదు. కొత్తగూడెము నుండి భద్రాచలమునకు, అక్కడ నుండి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన చింతూరు వైపునకు పోవునపుడు, ఒక ఫర్లాంగు మండుటెండ, మరుక్షణమే టేకు, మద్ది చెట్ల దట్టమైన నీడ. వెలుతురు నుండి చీకటికి మారినపుడు కన్ను అలవాటుపడుటకు వ్యవధి కావలెను. చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు 20, 30 నిమిషములు పట్టును. నీడకు సర్దుకొనుటకును కొన్ని క్షణములైనను పట్టును. మోటారు సైకిలు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగును. కారునలుపు అద్దముతో నీడలోనికి దూసుకొనిపోయిన వానికి, మూడు సెకనులు కన్ను సరిగా కనబడనిచో, 50 మీటర్ల దూరము అంధుడై పోయినట్లే. ఆ 50 మీటర్లలో పశువుల మంద ఉండవచ్చును. తునికాకు మోపు నెత్తిన పెట్టుకొన్న ఆడకూతురు ఉండవచ్చును. బడి నుండి వచ్చు పిల్లలు ఉండవచ్చును.

కావున, అడవి రోడ్డున పోవువారు లేత బూడిదరంగు, లేక లేత గోధుమరంగు అద్దము వాడవలెను. నీడ ఆరంభమగుటకు ముందే వేగము తగ్గింపవలెను. ప్రొద్దు గూకిన పిదప రంగుటద్దము తీసివేయవలెను.

రాత్రివేళ పసుపు అద్దము

రాత్రివేళ ఎదుటి వాహనపు దీపముల కాంతి తగ్గునని పసుపు అద్దములను అమ్ముచున్నారు. లారీ డ్రైవర్లు, ఆటో నడపువారు వీనిని కొనుచున్నారు. అమెరికాలోని బోస్టను నగర పరిశోధకులు ఈ విషయమును వాహనము నడపు నమూనా యంత్రము మీద పరీక్షించి, 2019లో ఫలితములను ప్రకటించినారు. రాత్రివేళ రోడ్డుపై నడచు మనిషిని గుర్తించుటలో పసుపు అద్దముల వలన ఉపయోగమేమియు కనబడలేదు. కారణము సులభము. రాత్రి ఉన్నదే కొద్ది వెలుతురు. ఏ రంగుటద్దమైనను అందులో మరికొంత హరించును.

ఇందులో మరియొక చిక్కు కలదు. రాత్రి వెలుతురు పడక కన్ను చెదరుచున్నదని చెప్పువారిలో కొందరికి శుక్లము మొదలై యుండును. కొందరికి దూరదృష్టి లోపముండును. కొందరు పిల్లలకు, గర్భవతులకు విటమిను ఏ లోపము వలన రేచీకటి యుండును. వీరికి కావలసినది పసుపు అద్దము కాదు. మొదటివారికి శస్త్రచికిత్స, రెండవవారికి సరియైన నంబరు గల తెల్లని అద్దము, మూడవవారికి మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి, గుడ్డు, పాలు కావలెను. తొమ్మిదవ నెల మొదలు ఐదవ యేడు వరకు పిల్లలకు విటమిను ఏ ద్రవమును 9 మోతాదులు ఇచ్చు ఏర్పాటు ప్రభుత్వము చేసియున్నది. మీ ఊరిలో ఏ బిడ్డకు ఎన్ని మోతాదులు అందినవో ఆశ కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును అడిగి తెలిసికొనుడు.

జబ్బును దాచు అద్దము

2023 జూలై, ఆగస్టు మాసములలో తెలుగు రాష్ట్రములలో కళ్ళకలక విస్తారముగా వ్యాపించినది. అప్పుడు పలువురు నల్లకళ్ళద్దములు ధరించినారు. కలక వచ్చినవానికి వెలుతురు పడదు గనుక అద్దము కొంత ఉపశమనము నిచ్చును. అది కలకను నయము చేయదు. ఇతరులకు సోకకుండ ఆపదు. కలక చూపుతో సోకదు. చేతులతో, తువాలుతో, దిండుతో, వాడిన కాటుక పుల్లతో సోకును. సబ్బుతో చేతులు కడుగుకొనుట, తువాలు వేరుగా ఉంచుకొనుట - ఇవియే అసలైన నివారణోపాయములు. ఒకరి నల్లద్దమును మరియొకరు పెట్టుకొన్నచో, ఆ అద్దమే రోగమును మోసికొనిపోవును.

ఇంతకంటె పెద్ద ప్రమాదము గాయముల విషయములో కలదు. వరి కోతలలో, నూర్పిళ్ళలో కంకియో, గడ్డిపరకయో కంటికి తగులును. నల్లగుడ్డుపై చిన్న గీత పడును. మనవారు ఆకు పసరో, తల్లిపాలో పోసి, నల్లద్దము పెట్టి, నాలుగు దినములు చూతమందురు. పొలములోని బూజు క్రిములు ఆ గీతలో చేరినచో నల్లగుడ్డు పుండుపడి, తెల్లని మచ్చ మిగిలి, చూపు పోవచ్చును. ఆ నాలుగు దినములు నల్లద్దము చేయు పని, పుండును ఇరుగుపొరుగు కంటబడకుండ దాచుట మాత్రమే. కన్ను ఎఱ్ఱబడి, నొప్పియు, చూపు మందగించుటయు ఉన్నచో ఆ దినముననే వైద్యుని చూడవలెను. నీటికాసుల జబ్బులో వచ్చు తీవ్రమైన కంటినొప్పికిని ఇదే నియమము. ఇంటిలోపల కూడ నల్లద్దము లేనిదే ఉండలేనను మనిషి మీ ఊరిలో ఉన్నచో, అతనికి అద్దము కాదు, పరీక్ష అవసరము.

నూర్పిళ్ళవేళ, మిరప కల్లములలో, గ్రానైటు కోతలో కావలసినది రంగుటద్దము కాదు. ప్రక్కలు మూసియున్న తేట ప్లాస్టికు అద్దము. అది కంకిని, కారమును, రాతి పొడిని ఆపును, చూపునకు అడ్డురాదు.

శుక్లపు ఆపరేషను జరిగినవారికి కొన్నాళ్ళు నల్లద్దము ఇత్తురు. ధూళి, చేతి తాకిడి, ఎండ నుండి కాపాడుటకే ఆ యేర్పాటు. చూపు తెప్పించినది లోపల అమర్చిన కృత్రిమ కటకము గాని, ఆ నల్లద్దము కాదు. ఆపరేషను అయినవాని అద్దమును శుక్లము గల మరియొక ముసలివారికి ఇచ్చి, చూపు వచ్చునని ఎదురుచూచుట వృథా.

వెల్డింగు, గ్రహణము

మండల కేంద్రములలో, రోడ్డు ప్రక్క గ్రామములలో వెల్డింగు దుకాణములు వెలసినవి. పని నేర్చుకొను కుర్రవాండ్రు సామాన్యమైన నల్లకళ్ళద్దముతో, ఒక్కొక్కప్పుడు అదియు లేక, మంట దగ్గర కూర్చుందురు. విద్యుత్ వెల్డింగు మంటలో అతినీలలోహిత కిరణములు అత్యధికము. అవి తగిలిన వెంటనే నొప్పి తెలియదు. సుమారు 6 నుండి 12 గంటల పిదప, అర్ధరాత్రి, కన్ను తెరువరాని మంట పుట్టును. విద్యుత్ వెల్డింగునకు 10 మొదలు 13 వరకు సంఖ్య గల ప్రత్యేకపు గాజును అమర్చిన ముఖకవచము వాడవలెను. సంతలోని ఏ రంగుటద్దమును దానికి సాటిరాదు. ప్రక్కన నిలుచుండి చూచు పిల్లలను దూరముగ పంపుటయు దుకాణదారుని బాధ్యతయే.

సూర్యగ్రహణ విషయమును అంతే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగు దేశము మీదుగా సాగినపుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు తగిన సాధనములతో దానిని పరిశీలించినారు. 2027 ఆగస్టు 2వ తేదీ గ్రహణము మన దేశములో పాక్షికముగ కనబడవలసియున్నది. చలువ కళ్ళద్దములు, మసిపట్టిన గాజు, ఎక్సరే ఫిల్ము - వీనితో సూర్యుని చూడరాదు. కంటి లోపలి తెరకు నొప్పి తెలియదు; కాలిపోయినను మనకు తెలియదు. గ్రహణమునకై చేసిన ప్రత్యేక కళ్ళద్దము, లేక 14వ సంఖ్య వెల్డింగు గాజు ఉన్నపుడే చూడవలెను. అవి లేనిచో, అట్టకు చిన్న రంధ్రము చేసి, తెల్లకాగితము మీద పడిన సూర్యబింబమును చూచుట అందరికిని క్షేమము.

పిల్లలు, చేతిఫోనులు

పసివాని కంటి కటకము పెద్దవాని దానికంటె తేటగా నుండి, అతినీలలోహిత కిరణములను ఎక్కువగా లోనికి విడుచును. భద్రాచల శ్రీరామనవమి ఎండకాలములోనే వచ్చును. తిరునాళ్ళలో పిల్లలకు బొమ్మ కళ్ళద్దములు కొనిపెట్టుట మనకు ముద్దు. అవి ఆటవస్తువులు, ఎండలో గంటల తరబడి పెట్టి త్రిప్పదగినవి కావు. పిల్లవానికి అన్నిటికంటె మంచి రక్షణ టోపీ. వెడల్పైన అంచు గల టోపీ కంటికి తగులు హానికర కిరణములలో సుమారు సగమును ఆపును. మన తలపాగా, గొడుగు, తాటాకు గొడుగు కూడ అట్టివే. వానికి ఖర్చు తక్కువ, మోసము లేదు.

చేతిఫోను తెర నుండి వచ్చు నీలి వెలుతురును ఆపు అద్దములని కొన్నిటిని హెచ్చు ధరకు అమ్ముచున్నారు. 17 ప్రయోగములను సమీక్షించి 2023లో ప్రకటించిన కొక్రేన్ నివేదిక ప్రకారము, వీని వలన కంటి అలసట తగ్గునని నిర్ధారణ కాలేదు. ఇరువది నిమిషముల కొకసారి తల యెత్తి దూరపు చెట్టును చూచుట, రెప్పలు ఆర్పుట - వీనికి పైసా ఖర్చు లేదు.

కొనునపుడు చూడవలసినవి

మొదటిది: అద్దము మీద, లేక చీటీ మీద యు.వి. 400 అను గుర్తు ఉండవలెను. అనగా 400 నానోమీటర్ల వరకు గల హానికర కిరణములను ఆపునని అర్థము. చీటీలు ఎవరైనను అంటింపవచ్చును గనుక, యంత్రముతో పరీక్షించి చూపు కళ్ళద్దముల దుకాణములో కొనుట మేలు.

రెండవది: అద్దమును చేయి చాచినంత దూరములో పట్టుకొని, దానిలో నుండి తలుపు చట్రపు నిలువు గీతను చూచుచు, అద్దమును మెల్లగా అటునిటు కదల్పుడు. గీత వంకరపోయి అలలాడినచో ఆ అద్దము చెడ్డది. అట్టి దానితో తలనొప్పి వచ్చును.

మూడవది: తెల్లకాగితము మీద పెట్టి చూడుడు. రెండు అద్దముల రంగు, ముదురు సమముగా నుండవలెను.

నాల్గవది: అద్దము చిన్నదైనచో ప్రక్కల నుండి, పైనుండి ఎండ లోనికి పోవును. కన్నును, కనుబొమను కప్పునంత వెడల్పు ఉండవలెను.

ఐదవది: చూపు నంబరు గలవారు, నంబరు లేని నల్లద్దము పెట్టుకొని వాహనము నడపరాదు. ఎండ తగ్గినను చూపు రాదు.

పంచాయతీలు చేయవలసినది

సభ్యులారా, విన్న సంగతి ఊరికి చేరినపుడే దానికి ఫలము. మీరు చేయదగిన పనులను కొన్నిటిని మనవి చేయుచున్నాము.

తునికాకు సేకరణకు ముందు జరుగు గ్రామసభలో ఈ విషయమును చెప్పించుడు. కోయ కుటుంబములు గల ఊళ్ళలో కోయ భాష వచ్చినవారి చేత చెప్పించినచో, తెలుగులో పది మార్లు చెప్పినదానికంటె బాగుగ నాటుకొనును. కల్లముల దగ్గర నీడకు పందిరి, త్రాగుటకు నీరు, కన్ను కడుగుకొనుటకు శుభ్రమైన నీరు ఉండునట్లు చూడుడు.

వెల్డింగు పనివారిని పిలిచి మాట్లాడుడు. వారిని జంకించుట కంటె, ముఖకవచము లేనిదే పని మొదలుపెట్టరాదని వారిచేతనే ఒప్పించుట మంచిది. నూర్పిళ్ళ కాలములో తేట రక్షణ అద్దములు వాడునట్లు రైతు సంఘములను, మహిళా సంఘములను ప్రోత్సహింపుడు. పది జతలు ఊరిలో నున్నను, కడిగి, ఒకరి తరువాత ఒకరు వాడుకొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది కంటి పరీక్ష. మన దేశములో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమము 1976లో ప్రారంభమైనది. తెలంగాణలో కంటివెలుగు మొదటి విడత 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూరులో, రెండవ విడత 2023 జనవరి 18న మన ఖమ్మములోనే ప్రారంభమైనవి. ఆ శిబిరములలో ఊరూర పరీక్షలు చేసి, కావలసినవారికి కళ్ళద్దములు ఉచితముగ నిచ్చినారు. ఆనాడు అద్దము తీసికొన్నవారిలో ఎందరు నేటికిని వాడుచున్నారు? ఎందరి అద్దము పగిలి మూలబడినది? ఎందరికి నంబరు మారినది? ఆపరేషను అవసరమని చెప్పబడియు వెళ్ళనివారెందరు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము మీ వార్డులో మీరే సేకరింపగలరు. ఆ జాబితాను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, గ్రామ ఆరోగ్య సంఘమునకు అందజేసినచో, శిబిరము ఎక్కడ అవసరమో అధికారులకు తెలియును. అడవి లోపలి గూడెముల ముసలివారికి ఆసుపత్రికి తోడుగా పోవు మనిషి, బండి ఏర్పాటు - ఈ రెండును చేసిపెట్టినచో సగము అంధత్వ నివారణ చేసినట్లే. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామములలో దృష్టి కేంద్రములను నెలకొల్పుటలోని ఉద్దేశము కూడ ఇదే: రోగి పట్నమునకు పోలేనిచో, పరీక్ష పల్లెకు రావలెను.

బడి పిల్లల పరీక్షలు జరుగుచున్నవో లేదో పాఠశాల యాజమాన్య సంఘములో అడుగుడు. నల్లబల్ల కనబడని పిల్లవాడు మొద్దని పేరు తెచ్చుకొనుచున్నాడు. అతనికి రంగు లేని చిన్న అద్దమొకటి చాలును.

రంగుటద్దమును మేము నిరసించుట లేదు. ఎండలో కష్టించు రైతుకును, కూలికిని మంచి అద్దము ధరించు హక్కు ఉన్నది. అది పట్నవాసపు షోకు కాదు. అయితే అద్దము ఎండకు మందు, జబ్బునకు మందు కాదు. రంగును జూచి కొనరాదు, గుణమును జూచి కొనవలెను. కంటికి నొప్పి వచ్చినపుడు సంతకు కాదు, వైద్యుని వద్దకు పోవలెను. ఈ మూడు మాటలను మీ గ్రామములోని ప్రతి ఇంటికిని చేర్చెదరని, వచ్చు వేసవి నాటికి కంటి పరీక్షల జాబితాలు ప్రతి పంచాయతీలోను సిద్ధమగునని ఆశించుచు, సెలవు గైకొనుచున్నాము.